బఠాణీ మొక్కే షోరీల్.. భార్య నగలే పెట్టుబడి! ఫాల్కే తొలి అడుగులు ఎలా పడ్డాయంటే..

కొల్లాపూర్: యానిమేషన్, మోషన్ డిజైన్ కోర్సు చేసి, సొంతూళ్లోనే ఉంటూ ఫ్రీలాన్సర్‌గా పని చేసుకుందామనుకునే యువతకు మొదట ఎదురయ్యే అడ్డంకి ఒకటే. చేసిన పని చూపిస్తే గానీ ఎవరూ పని ఇవ్వరు. పని ఇస్తే గానీ చూపించడానికి ఏమీ ఉండదు. మరి మొదటి అడుగు ఎలా వేయాలి? వందేళ్ల క్రితం ఇదే చిక్కులో పడిన ఓ వ్యక్తి కుండీలో నాలుగు బఠాణీ గింజలు నాటి దారి వెతుక్కున్నారు. ఆయనే దాదాసాహెబ్ ఫాల్కే. భారతీయ సినిమా పితామహుడిగా అందరికీ తెలిసిన పేరే. కానీ ఆయన మొదట్లో పడ్డ పాట్లు మాత్రం చాలామందికి తెలియవు.

ఉద్యోగం వదిలేసి..

ఫాల్కే అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గర్లోని త్ర్యంబకేశ్వర్‌లో పుట్టారు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో, ఆ తర్వాత బరోడా కళాభవన్‌లో చదువుకున్నారు. బొమ్మలు గీయడం, ఫొటోలు తీయడం, అచ్చు పని.. అన్నీ నేర్చారు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెడితే ప్లేగు వచ్చి భార్యను, బిడ్డను తీసుకెళ్లింది. ఇంద్రజాలం కూడా నేర్చుకుని ప్రదర్శనలిచ్చారు. పురావస్తు శాఖలో ఉద్యోగం దొరికినా, స్వదేశీ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో దాన్ని వదిలేసి సొంతంగా ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకున్నారు. రాజా రవివర్మ బొమ్మల అచ్చు పని కూడా చేశారు. అయితే భాగస్వాములతో పొసగక ప్రెస్ నుంచీ బయటికి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 40 దాటింది. చేతిలో పని లేదు, ఇంట్లో పిల్లలు.

చూపు పోయినా ఆగలేదు

1911లో బొంబాయిలో క్రీస్తు జీవితంపై తీసిన సినిమా చూశారు. మన పురాణాలు కూడా ఇలా తెర మీద కదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఇక రాత్రీ పగలూ అదే ధ్యాస. నిద్ర మానుకుని మరీ సినిమాలు చూడటంతో కళ్లు దెబ్బతిన్నాయి. కొంతకాలం చూపు పోయింది కూడా. వైద్యంతో మళ్లీ కోలుకున్నారు. ఇన్సూరెన్స్ పాలసీ తాకట్టు పెట్టి 1912 ఫిబ్రవరిలో లండన్ వెళ్లారు. అక్కడ సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని చూసి, విలియమ్సన్ కెమెరా కొనుక్కుని తిరిగొచ్చారు.

గింజ మొలిచింది.. అప్పు పుట్టింది

కెమెరా వచ్చింది సరే, సినిమాకు డబ్బులేవి? మాటలు నమ్మి అప్పు ఇచ్చేవాళ్లు లేరు. అప్పుడు చేశారు అసలు పని. కుండీలో బఠాణీ గింజలు నాటి, ఎదురుగా కెమెరా పెట్టి, నెల రోజులకు పైగా రోజూ కొద్దికొద్దిగా చిత్రీకరించారు. గింజ పగిలి, మొలకెత్తి, తీగ సాగడం మొత్తం నిమిషంలో కనిపించేలా చేశారు. ఇప్పుడు మనం టైమ్ ల్యాప్స్ అంటున్నది ఇదే. ఆ చిన్న ఫిల్మ్‌ను కొద్దిమందికి చూపించగానే యశ్వంతరావు నాడకర్ణి వంటివారు అప్పు ఇవ్వడానికి ముందుకొచ్చారు. హామీగా భార్య సరస్వతీబాయి తన నగలు ఇచ్చేశారు.

అంతేకాదు, ఫిల్మ్‌కు రంధ్రాలు వేయడం, కడగడం ఆమె నేర్చుకున్నారు. షూటింగ్‌కు వచ్చినవాళ్లందరికీ వండిపెట్టారు. తెర మీద ఆమె పేరు పడకపోయినా, ఆ సినిమాలో సగం శ్రమ ఆమెదే. అలా తయారైన రాజా హరిశ్చంద్ర 1913 మే 3న బొంబాయి కొరోనేషన్ థియేటర్‌లో విడుదలై జనాన్ని ఊపేసింది.

అగ్గిపుల్లలకు ప్రాణం

1915లో ఫాల్కే అగ్గిపుల్లలను కదిలిస్తూ ఓ చిన్న చిత్రం తీశారు. పుల్లను కాస్త జరపాలి, ఫ్రేమ్ తీయాలి, మళ్లీ జరపాలి. ఇప్పటి స్టాప్ మోషన్ పద్ధతి ఇదే. మన దేశంలో యానిమేషన్‌కు తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. తర్వాత 1917లో లంకాదహనం, 1918లో శ్రీకృష్ణ జన్మ వంటి చిత్రాల్లో ట్రిక్కులతో అబ్బురపరిచారు.

పని వచ్చు.. లెక్క తప్పింది

మరి చివరికి ఏమైంది? 1918లో పెట్టుబడిదారులతో కలిసి హిందుస్థాన్ కంపెనీ పెట్టారు. ఖర్చులు, లెక్కల దగ్గర గొడవలొచ్చాయి. కోపంతో బయటికొచ్చి కాశీ వెళ్లిపోయారు. 1922లో తిరిగి అదే కంపెనీలో చేరినా పాత వైభవం రాలేదు. ఇంతలో టాకీలు వచ్చేశాయి. ఆయన తీసిన ఒకే ఒక్క టాకీ గంగావతరణ్ 1937లో వచ్చింది. దాన్ని తీసింది కొల్హాపూర్‌లో. అది మహారాష్ట్రలోనిది, మన కృష్ణా తీరపు కొల్లాపూర్ కాదు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో, పట్టించుకునేవాళ్లు పెద్దగా లేని స్థితిలో కన్నుమూశారు. 1969లో కేంద్రం ఆయన పేరిట అవార్డు పెట్టింది. కరీంనగర్‌లో పుట్టి మూకీల కాలంలోనే బొంబాయిలో హీరో అయిన పైడి జైరాజ్ 1980 సంవత్సరానికి ఆ అవార్డు అందుకున్నారు.

ఇంతకీ కొత్తగా ఫ్రీలాన్స్ మొదలుపెట్టేవాళ్లకు ఇందులో ఏముంది? రెండు సంగతులు. ఒకటి, షోరీల్ కోసం పెద్ద ప్రాజెక్టు రావాల్సిన పనిలేదు. కొల్లాపూర్ తోటల్లో మామిడి పూత పిందెగా మారడాన్ని ఫోన్‌తో రోజూ తీసినా, పదిసార్లు చెప్పే మాట కంటే అదే గట్టిగా పనిచేస్తుంది. రెండోది, పని ఎంత బాగా వచ్చినా డబ్బు సంగతి, భాగస్వాముల వాటాలు ముందే కాగితం మీద రాసుకోవాలి. మొదటిది ఫాల్కేను నిలబెట్టింది. రెండోది కుదరకే ఆయన తన కంపెనీకే దూరమయ్యారు.