ఆయిలర్: చూపు పోయాక తేల్చిన లెక్క

రెండును 31 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తే 2147483647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య. 1644లో మెర్సెన్ దీన్ని తన జాబితాలో వేశాడు గాని రుజువివ్వలేదు. 1772లో ఆ రుజువు చెప్పిన లియొనార్డ్ ఆయిలర్‌కు అప్పటికే రెండు కళ్లూ కనిపించవు.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్‌లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. కొడుకూ పాస్టరే కావాలని ఆయన కోరిక. జోహాన్ బెర్నౌలీ అనే గణిత పండితుడు నచ్చజెప్పి దారి మళ్లించాడు. (అట్లాంటి అయ్యవారొకరు మా నాయన దగ్గరికీ వచ్చారు గనకే నేను కాడి వదిలి కాలేజీకి వచ్చాను.) 1727లో, సరిగ్గా నా వయసులో, ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. 1738 ప్రాంతంలో కుడికన్ను పోయింది. 1741లో బెర్లిన్ వెళ్లి, 1766లో మళ్లీ రష్యాకే వచ్చాడు. ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో ఆపరేషన్ చేస్తే నాలుగు రోజులు కనిపించి, ఆ చూపూ పోయింది. అదే ఏడు ఇల్లు కాలిపోతుంటే ఒక మనిషి ఆయన్ను భుజాన వేసుకొని బయటికి తెచ్చాడు.

ఆ మరుసటి ఏడే ఈ లెక్క. మామూలుగానైతే ఈ సంఖ్య వర్గమూలం, అంటే దాదాపు 46,341 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి 4,800 దాకా ఉంటాయి. ఆయిలర్ ముందుగా ఒక సంగతి తేల్చాడు: దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా మిగలాలి. అట్లాంటి ప్రధాన సంఖ్యలు వందలోపే. వాటిలో ఒక్కటీ దీన్ని భాగించలేదు.

మా చేలో మూడు బోర్లు వేయించాం, దుమ్మే లేచింది. అయినా నాలుగో చోట నీళ్లు లేవని ఎవరూ చెప్పలేరు కాబట్టి మా నాయన మళ్లీ అప్పు చేశాడు. వెతికితే దొరకలేదనడం వేరు, ఇంకెక్కడా లేదని చూపించడం వేరు. ఆయిలర్ చేసింది ఈ రెండోది. 1732లో మొదటిదాని సంగతీ ఆయనే బయటపెట్టాడు: ఫెర్మా ప్రధాన సంఖ్యగా నమ్మిన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది!

చూపు లేకుండా లెక్కలెట్లా అని మన సీమవాళ్లు అడగనక్కరలేదు. పక్కనే కడప జిల్లా కల్లూరులో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారు పుట్టంధులు, వేలకొద్దీ గణితావధానాలు చేశారు. ఆయిలర్ నోటితో చెబుతుంటే కొడుకులూ శిష్యులూ రాసుకునేవారు. 1775లో సగటున వారానికొక వ్యాసం వెలువడింది. 1783 సెప్టెంబరు 18న, కొత్తగా కనిపెట్టిన యురేనస్ గ్రహ కక్ష్య గురించి మాట్లాడిన రోజునే, ఆయన కన్నుమూశాడు.

ఇంతకు మించి పెద్దదానికోసం ఎవరూ శ్రమపడరని 1811లో బార్లో అనే ఆయన రాశాడు. 1876లో ల్యూకాస్ 39 అంకెల ప్రధాన సంఖ్యను చూపాడు. 2024లో దొరికినదానికి నాలుగు కోట్ల పైచిలుకు అంకెలున్నాయి. ఆయిలర్ సంఖ్య మాత్రం మా కంప్యూటర్ ల్యాబులోకి వచ్చి కూర్చుంది: 32 బిట్ల పూర్ణాంకానికి అదే పై హద్దు. ఇంకొక్కటి కలిపితే సాధారణంగా మైనస్‌లోకి పడిపోతుంది.