ఆన్సెల్ ఆడమ్స్ - ఒక ఎర్ర ఫిల్టరు

మనకు మార్గదర్శకులైన వారిలో ఒకరి జీవితం గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నా ఉద్యోగమంతా కెమెరాతోనే గడిచింది. జరుగుతున్న పనులను ఫోటోలు తీసి ఫైళ్ళకు చేర్చడమే నా కొలువు. అందుచేత నేను గురువుగా భావించే అమెరికా ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన్ని నేను చూడలేదు. ఆయన పుస్తకాలే నాకు పాఠాలు.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 1906లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. దాని తర్వాత వచ్చిన ప్రకంపనకు కిందపడి నాలుగేళ్ళ పిల్లవాడి ముక్కు విరిగింది. ఆ వంకర జీవితాంతం పోలేదు. తండ్రి కలప వ్యాపారం దెబ్బతిన్నది. పిల్లవాడికి బడిలో కుదురు లేదు. 1915లో తండ్రి బడి మాన్పించి, ఆ ఏడు ఊళ్ళో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు పాసు కొనిచ్చారు. రోజూ అక్కడికి పోయి చూసి నేర్చుకోమన్నారు. ఎంతమంది తండ్రులకు ఆ ధైర్యం ఉంటుంది? పియానో తనంతట తానే మొదలుపెట్టి, సంగీతమే వృత్తి అనుకున్నారు ఆడమ్స్. కాని 1916లో కుటుంబంతో యోసెమిటీ లోయకు వెళ్ళినప్పుడు చేతికి వచ్చిన చిన్న కొడాక్ బ్రౌనీ కెమెరా ఆయన దారి మళ్ళించింది. ఆ తర్వాత ఆ కొండలకు వెళ్ళని ఏడాది లేదు.

ఇక ఫిల్టరు సంగతి. తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. నలుపు తెలుపు ఫిల్ము మన కంటికన్నా నీలిరంగును ఎక్కువగా పట్టుకుంటుంది. అందువల్ల నీలాకాశం తెల్లగా పడి, మబ్బులు అందులో కలిసిపోతాయి. లెన్సు ముందు పసుపు గాజు పెడితే కొంత నీలం ఆగిపోయి ఆకాశం బూడిదరంగుకు దిగుతుంది, మబ్బులు తేలుతాయి. ఎర్ర గాజు పెడితే నీలం దాదాపు పూర్తిగా ఆగి ఆకాశం నల్లబడుతుంది. ఆకుపచ్చ గాజు ఆకులను తేలిక చేస్తుంది. గాజు రంగు ఏదైతే ఆ రంగు వస్తువు ఫోటోలో తెల్లబడుతుంది, దానికి ఎదురు రంగు నల్లబడుతుంది. లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది గనుక ఎక్స్‌పోజరు పెంచాలి.

1927 ఏప్రిల్ 10న ఆడమ్స్ తనకు కాబోయే భార్య వర్జీనియాతో, మరికొందరు మిత్రులతో యోసెమిటీలోని హాఫ్ డోమ్ అనే రాతికొండ పక్క గుట్టకు మంచులో ఎక్కారు. వీపున పెద్ద కెమెరా, పన్నెండు గాజు ప్లేట్లు. కొండ ముఖం కనిపించే చోటుకు చేరేసరికి మిగిలినవి రెండే. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశారు. తీసిన వెంటనే, తన మనసును కదిలించిన ఆ గంభీరత ఇందులో రాదని ఆయనకు తట్టింది. మిగిలింది ఒకే ఒక్క ప్లేటు. ముదురు ఎర్ర ఫిల్టరు బిగించి, అయిదు సెకన్లు వెలుతురు ఇచ్చారు. నల్లని ఆకాశం ముందు మంచుతో మెరిసే ఆ రాతిముఖం ఈనాటికీ మోనోలిత్ అనే పేరుతో ప్రసిద్ధం. కంటికి కనపడింది కాక, మనసుకు తోచింది ముందుగా ఊహించి తీయడం ఆ రోజే తెలిసిందని ఆయన తర్వాత రాసుకున్నారు.

ఈ కథ చదివిన రోజుల్లో నేనూ ఒక ఎర్ర ఫిల్టరు తెప్పించుకున్నాను. ఒక వర్షాకాలం మా జలాశయంలోకి వరద వచ్చింది. ఎంత ఎత్తుకు వచ్చిందో ఫోటోలో చూపడం నా పని. మర్నాడు పొద్దున వాన వెలిసి ఆకాశం నీలంగా, మబ్బులు దూదికుప్పల్లా ఉన్నాయి. ఎర్ర ఫిల్టరు తీయకుండా రోలంతా అలాగే తీశాను. డార్క్ రూములో చూస్తే ఆకాశం అచ్చు ఆడమ్స్ ఆకాశమే. కాని తెల్లని గేజి మీద ఎర్రరంగుతో రాసిన అంకెలు మాయం! ఎరుపు, తెలుపు రెండూ ఒకటిగా తెల్లబడ్డాయి. పరుగున వెళ్ళి చూస్తే నీరు అప్పటికే దిగిపోయింది. ఇంజనీరు గారు తిట్టలేదు. అంకెలేవయ్యా అని మాత్రం అడిగారు. కాపలాదారు నోటిమాటనే రికార్డులో రాయవలసి వచ్చింది. తప్పు నాది. గురువు ఎర్ర గాజు పెట్టింది తనకేం కావాలో తెలిసి. నేను పెట్టింది ఆయన పెట్టారని.

1928లో వర్జీనియాను పెళ్ళాడిన ఆడమ్స్ 1932లో ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైన మిత్రులతో గ్రూప్ ఎఫ్64 స్థాపించారు. ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి జోన్ సిస్టమ్ అనే ఎక్స్‌పోజరు పద్ధతిని రూపొందించారు. యుద్ధకాలంలో మంజనార్ శిబిరంలో నిర్బంధించిన జపాను సంతతి అమెరికన్లను 1943లో ఫోటోలు తీసి, మరుసటి ఏడాది పుస్తకంగా వేశారు. ఆ వేళ అది జనం మెచ్చే పని కాదు. అడవుల రక్షణకు జీవితాంతం పోరాడారు. 1980లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నారు. 1984 ఏప్రిల్ 22న కన్నుమూశారు. ఎలక్ట్రానిక్ ఫోటోలు వస్తాయని ముందే చెప్పి, వాటిని ఆహ్వానించిన మనిషి ఆయన.

అవి వచ్చేశాయి. రంగుల డిజిటల్ కెమెరాలో ప్రతి చుక్క మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఫిల్టరు ముందే ఉంటుంది. అందుకే రంగుల్లో తీసి, తర్వాత కంప్యూటరులో ఎరుపు భాగం ఎక్కువగా వాడి నలుపు తెలుపు చేస్తే ఎర్ర ఫిల్టరు ఫలితమే వస్తుంది. లెన్సుకు నిజంగా ఎర్ర గాజు బిగిస్తే నాలుగింట ఒక వంతు చుక్కలకే సరిగ్గా వెలుతురు అంది ఫోటో గరగరగా వస్తుంది. మా మనవరాలు ఫోనులో ఈ పని నిమిషంలో చేసి చూపింది. ఆకాశం నల్లబడింది. వెనక్కి జరిపితే మళ్ళీ తెల్లబడింది. నా గేజి అంకెలు గుర్తొచ్చాయి. ఆనాడు రంగుల ఫైలు ఉండి ఉంటే అవి దొరికేవి. కనుక మిత్రులకు ఒక మనవి. మొదటి రంగుల ఫోటో ఎప్పుడూ చెరపవద్దు. రంగు ఒకసారి పోతే తిరిగి రాదు.

పోయిన ఏడాది నా కుడికంటికి శుక్లం తీశారు. ఆ కంటితో చూస్తే ఆకాశం నీలం, ఎడమ కంటితో చూస్తే పసుపు. ఎన్నేళ్ళుగా పసుపు ఫిల్టరుతో లోకాన్ని చూస్తున్నానో తెలియనే లేదు! మనలో చాలామందిదీ అదే కథ అయి ఉంటుంది.

వచ్చే సర్వసభ్య సమావేశానికి మీ ఫోన్లలోని రంగుల ఫోటోలు తీసుకురండి. మా మనవరాలినీ తీసుకొస్తాను. ఏ ఫిల్టరుకు ఏది కనపడుతుందో, ఏది మాయమవుతుందో కూర్చుని చూద్దాం. సెలవు.