గార్టాన్ నుండి అయోనాకు: పునీత కొలంబా జీవితం

లెటర్‌కెన్నీ పట్టణానికి వచ్చేవారికి దూరం నుండే కథీడ్రల్ శిఖరం కనిపిస్తుంది. 1901లో ప్రారంభమైన ఆ మందిరానికి ఇద్దరు పునీతుల పేర్లు ఉన్నాయి. ఒకరు కొలంబా. మరొకరు ఆయన చరిత్రను లాటిన్ భాషలో రచించిన అడమ్నాన్. ఇక్కడివారు యూనన్ అంటారు. మేము ఆలయ సంఘానికి చెందినవారమైనా, ఈ నేల కన్న మహనీయుని కథ మన వలస కుటుంబాలకు తెలియాలని వ్రాస్తున్నాము.

కొలంబా క్రీ.శ. 521 ప్రాంతంలో, లెటర్‌కెన్నీకి కొద్ది దూరంలోని గార్టాన్ సరస్సు వద్ద, రాజవంశంలో జన్మించారు. రాజ్యం ఆశించగల పుట్టుక ఉన్నా మఠాన్ని ఎంచుకొన్నారు. డెర్రీలోను, డర్రోలోను మఠాలను స్థాపించారు. ఐరిష్ భాషలో ఆయనను కొలమ్‌కిల్ అంటారు. చర్చి పావురం అని దాని అర్థం.

పేరు పావురమే గాని, స్వభావం మొదట అంత మృదువైనది కాదు. గురువు ఫిన్నియన్ వద్దనున్న కీర్తనల గ్రంథానికి ఆయన రహస్యంగా నకలు, అంటే చూచి వ్రాసిన ప్రతి, తీసుకొన్నారట. ఆ నకలు కూడా గురువుకే చెందుతుందని రాజు తీర్పు చెప్పాడట. ఆ పగ 561లో కూల్ డ్రెవ్నీ యుద్ధానికి దారితీసిందని సంప్రదాయం చెబుతుంది. రాజవంశాల కలహమే అసలు కారణమని చరిత్రకారులలో అనేకుల అభిప్రాయం. ఏమైనా, 563లో ఆయన పన్నెండుమంది శిష్యులతో పడవ ఎక్కి స్కాట్లాండ్ పడమటి తీరంలోని అయోనా దీవికి చేరారు. మరల స్వదేశాన్ని చూడలేదని కొందరంటారు. అది నిజం కాదు, ఆయన ఐర్లండ్‌కు వచ్చి వెళ్లిన సంగతి అడమ్నాన్ గ్రంథంలోనే ఉంది.

గార్టాన్‌లో ఒంటరితనపు బండ అని పిలిచే ఒక రాయి ఉంది. ప్రయాణానికి ముందు రాత్రి కొలంబా దానిపై శయనించారని ప్రతీతి. అందువల్ల అమెరికాకు వలసపోయే డొనెగల్ ప్రజలు కూడా, ఇంటిబెంగ బాధించకూడదని, ఆ బండపై పడుకొని వెళ్లేవారు. ఆ మాట విన్నప్పుడు మాకు 1860లో మద్రాసు నుండి 342 మందితో నాటాలుకు బయలుదేరిన ట్రూరో ఓడ గుర్తుకు వచ్చింది. చెరకు తోటలకు పోయిన మన పెద్దలకు ఏ బండ దొరికింది?

అడమ్నాన్ గ్రంథం నిండా మహిమలే. మాకు మాత్రం అందులోని చిన్న పనులే ఎక్కువ నచ్చాయి. అయోనాలో సన్యాసులు దున్నేవారు, పాలు పితికేవారు, గ్రంథాలు వ్రాసేవారు. మఠాధిపతి అయిన కొలంబా కూడా వ్రాతపనిలో కూర్చునేవారు. ఆయనకు పరుపు రాతిబండ, తలగడ మరొక రాయి. ఒకనాడు ఆయన ఒక సోదరుని పిలిచి, ఐర్లండ్ నుండి ఎగిరివచ్చే ఒక కొంగ అలసిపోయి పడమటి ఒడ్డున పడుతుందని చెప్పి, దానికి మూడు రోజులు అతిథిమర్యాద చేయమన్నారు. అది తన పుట్టిన నేల నుండి వచ్చిన పక్షి. మూడు రోజుల తరువాత కొంగ తేరుకొని తిరిగి ఐర్లండ్ వైపు ఎగిరిపోయింది. పరదేశంలో మన ఊరివాడు ఎదురైతే మనమూ ఇంతే కదా!

597 జూన్‌లో, తన చివరి దినాన, వృద్ధుడైన కొలంబా ధాన్యపు కొట్టుకు వెళ్లి, శిష్యులకు ఏడాదికి సరిపడా తిండి ఉన్నదని చూచి సంతోషించారు. తిరిగి వస్తూ దారిలో కూర్చోగా, మఠానికి పాలు మోసే తెల్ల గుర్రం వచ్చి ఆయన రొమ్ముపై తల ఆనించి కన్నీరు కార్చింది. సేవకుడు దానిని తోలివేయబోతే ఆయన వారించి, దానిని దీవించారు. ఆ సాయంత్రం కీర్తనల గ్రంథానికి ప్రతి వ్రాస్తూ ఒక పుట చివర కలం ఆపి, మిగిలినది బైతేన్ వ్రాయాలని చెప్పారు. జూన్ 9న, నడిరేయి ప్రార్థన వేళ, బలిపీఠం ముందు కన్నుమూశారు.

ఆయన తరువాత బైతేన్ మఠాధిపతి అయ్యారు.