బొల్లారమున పుట్టిన వేటకాడు: కెన్నెత్ ఆండర్సన్

మన నాగర్‌కర్నూలు ప్రాంతపు అమ్రాబాద్ అడవి కృష్ణ యొడ్డున ముగిసినట్లు తోచును గాని, నది కావల నల్లమల మరల లేచి గాజులపల్లి, చలమ, దిగువమెట్ట రైలుస్టేషన్ల దాక సాగును. ఆ దారుల వెంట నరభక్షక వ్యాఘ్రములను వెదకుచు తిరిగిన ఆండర్సన్ దొర మన హైదరాబాదు గడ్డపైననే, సికింద్రాబాదు చెంతనున్న బొల్లారమున, 1910 మార్చి 8వ తేదీన జన్మించెను. స్కాట్లండు వంశీయుడే యైనను ఆయన పూర్వులు తరతరములుగా ఇచ్చటనే స్థిరపడినవారు. చదువు బెంగుళూరున, ఉద్యోగము అచ్చటి విమానముల కర్మాగారమున. సెలవు దొరికిన అడవియే ఇల్లు.

ఆయనకు అడవి చదువు చెప్పినవారిలో బైర యను పూజారి తెగవాడు ముఖ్యుడు. ఇసుకపై పడిన అడుగును చూచి పులి ఆడదో మగదో, ఎంతసేపటి క్రిందట నడచినదో గ్రహించుట ఆ విద్య. పులికి వాసన పట్టుట కొంచెము. చూపును వినికిడియు మాత్రము అతితీక్ష్ణములు. కావున మంచెపై కూర్చున్నవాడు దగ్గరాదు, దోమ కుట్టినను చేయి కదపరాదు. కొండముచ్చు అరచిన, కణుజు పిలిచిన, మృగము ఏ దిక్కున వచ్చుచున్నదో తెలియును.

1954లో వెలువడిన ఆయన తొలి గ్రంథమున జవులగిరి ఆడపులి కథ యున్నది. దాని జతపులిని వేటకాండ్రు చంపిరి. అది రాత్రులెల్ల తోడు కొరకు పిలుచుచు తిరుగుచుండగా మరియొకడు కాల్చి గాయపరచెను. పిమ్మటనే అది మనుష్యులపై పడినది. ఎన్ని ఉపాయములకును చిక్కని దానిని ఆండర్సన్ తుదకు మగపులివలె గాండ్రించి రప్పించెను. జత వచ్చినదని నమ్మి అది వచ్చినది, గుండు తగిలి కూలినది. ఆ గెలుపు ఆయనకు సంతోషము నీయలేదు. నావంటి లెక్కలవానికి తోచునది వేరు: చచ్చిన మనుష్యుల పద్దు పులి పేర వ్రాసితిమి గాని, మొదట గాయపరచిన తుపాకిని ఏ ఖాతాలోను ఎక్కింపలేదు.

వయసు మీరిన కొలది ఆయనకు తుపాకికన్న కెమెరాయే ప్రియమయ్యెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1974 ఆగష్టు 30న ఆయన బెంగుళూరున కన్నుమూసెను. నేడు అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యము. చెట్లకు కట్టిన కెమెరాలు పులుల లెక్క తీయుచున్నను, జాడ పట్టవలసివచ్చిన అధికారులు నేటికిని చెంచులనే ముందు నడిపింతురు.