పుస్తకముల మూట మోసిన నవలాకారుడు: వట్టికోట ఆళ్వారుస్వామి

హైదరాబాదులోని గౌలిగూడ పేరు వినని వారు తెలంగాణ పల్లెలలో అరుదు. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. తరువాత బహుకాలము, పల్లెల నుండి రాజధానికి పోవు మనవారికి గౌలిగూడ బస్సుషెడ్డే సింహద్వారమై యుండెను. 1994లో ఇమ్లీబన్ వద్ద క్రొత్త బస్సు స్టేషను వెలసిన పిమ్మట దాని వైభవము తగ్గెను. 2018 జూలైలో ఆ ఇనుప షెడ్డు కూలిపోయెను. గౌలిగూడలో దిగి కోఠీ వైపు కొంత నడచినచో సుల్తాను బజారు వచ్చును. అచ్చటనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము గలదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట వెలసిన ఆ గ్రంథాలయము తెలంగాణములోని మన గ్రంథాలయముల కన్నింటికిని పెద్దక్క వంటిది. 1906లో ఈ హైదరాబాదుననే కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆ మండలి తరువాత మదరాసునకు తరలి, నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చి, క్రొత్త రచయితలకు ప్రోత్సాహ మొసగెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. పుస్తకము పట్టణమున అచ్చగుట వేరు, అది పల్లెలోని చదువరి చేతికి చేరుట వేరు. పల్లెవాని బ్రతుకు నవలకు వస్తువగుట మరియును వేరు. ఈ మూడింటిని ఒక్క జీవితమున కలిపిన వారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో స్మరింపదగిన వారిలో ఆయన ముందు వరుసలోనివారు. కథలు వ్రాసి అచ్చులో చూచుకొనవలెనని ఉబలాటపడు యువకులు మన యూరనూ గలరు. వారికి ఆయన చరిత్రము ఒక పాఠము, ధైర్యము కూడ.

స్వామిగారు 1915 నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమునందలి చెరువు మాధవరములో పేద వైష్ణవ కుటుంబమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. బడికి పోయి క్రమముగా చదువుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. కాంచనపల్లి సీతారామారావుగారను ఉపాధ్యాయుని యింట వంట చేసిపెట్టుచు, ఆ వంటపని నడుమనే అక్షరములను అలవరచుకొనిరి. పూర్వము గురుకులములందు శిష్యులు సమిధలు తెచ్చి, గోవులను కాచి విద్య గడించిరని ఇతిహాసములు చెప్పును. స్వామిగారి గురుశుశ్రూష పొయ్యిముందర జరిగినది. తరువాత ఆయన విజయవాడ పోయి హోటలులో పనిచేసిరి. వచ్చిన వారికి పలహారము లందించు ఆ చేతులే తీరిక దొరికినప్పుడు పుస్తకములు పట్టెడివి.

అటుపిమ్మట హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు ఉద్యోగమున కుదిరిరి. ఆ పత్రికను 1925 మే 10వ తేదీన సురవరం ప్రతాపరెడ్డిగారు స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిన మహనీయు డాయనయే. అట్టి చోట పనిచేయుట స్వామిగారికి రెండవ పాఠశాల యయ్యెను.

ప్రూఫులు దిద్దుట ఎట్టిదో నేటి వారికి తెలియకపోవచ్చును. ఆ దినములలో కంపోజిటరు సీసపు అక్షరములను గళ్ల పెట్టెలో నుండి ఒక్కొక్కటిగా ఏరి వరుస పేర్చెడివాడు. మన తెలుగున గుణింతములు, వత్తులు విస్తారము గనుక శ్రమయు విస్తారమే. పేర్చిన దానిని ఒక కాగితముపై ముద్రవేసి ఇచ్చినచో, ప్రూఫు రీడరు మూలముతో పోల్చి తప్పులను గుర్తించవలెను. ఫారము అచ్చయిన పిదప అక్షరములను విడదీసి, మరల గళ్లలో వేసి, తరువాతి ఫారమునకు వాడెడివారు. కాబట్టి అచ్చయిన తప్పు అచ్చయినట్లే నిలిచిపోవును. ఇట్లు దినదినమును ఇతరుల వాక్యములను అక్షరమక్షరము తడవి చూచువానికి, వాక్యము ఎచ్చట బిగువుగా నున్నదో, ఎచ్చట వదులైనదో తెలియక మానదు. ఏ కళాశాలయు నీయని శిక్షణ యిది.

1938లో స్వామిగారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిరి. అప్పటి కాయనకు నిండా ఇరువదిమూడేండ్లు లేవు. దేశోద్ధారక యన్నది ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదము; పంతులుగారు కీర్తిశేషులైనది ఆ సంవత్సరముననే. లక్షలార్జించిన దాత బిరుదమును చేత పైకము లేని యువకుడొకడు తన గ్రంథమాలకు తలమానికముగ పెట్టుకొనెను.

లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గనుక ఆ వ్యాపారపు జమాఖర్చులను ఒకసారి తరచిచూడ బుద్ధిపుట్టును. కాగితపు ధర ముందు చెల్లింపవలెను. ముద్రాలయమువారి బాకీ ముందు తీర్పవలెను. పుస్తకము అణాల లెక్కన అమ్ముడుపోవును. ఆ అణాలు ఎప్పుడు రూపాయ లగునో ఎవరెరుగుదురు? పైగా సంస్థానపు నాణెము వేరు, ఇంగ్లీషువారి నాణెము వేరు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు చెల్లును. బెజవాడలోనో మదరాసులోనో కాగితము కొన్నవానికి కల్దారులు కావలెను; నల్లగొండ పల్లెలో పుస్తకము కొన్నవాడు హాలీ యిచ్చును. నూటికి పదిమందికైనను చదువు రాని దేశము. బడులలో తెలుగునకు అంతంతమాత్రపు స్థానము. సభ జరుపుటకు గస్తీ నిషాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి కావలెను. ఇన్ని ఎదురుగా నున్నప్పుడు పుస్తకముల వర్తకము లాభసాటి యని ఏ గుమాస్తాయు వ్రాసి యీయడు.

స్వామిగారు దుకాణము తెరచి కొనువారికై ఎదురుచూచుచు కూర్చుండలేదు. పుస్తకముల మూట కట్టి, దానిని తామే మోసికొని, ఊరూర తిరిగి, సభలు జరుగు చోట్లకు పోయి, చదువరుల గుమ్మముల ముందు నిలిచి అమ్మిరి. రచయితను వెదకుట, వ్రాతప్రతి చదువుట, ప్రూఫులు దిద్దుట, అచ్చువేయించుట, మూటకట్టి మోయుట, అమ్మి డబ్బు తెచ్చి మరల ముద్రాలయమున కట్టుట: ఇన్ని పనులకును ఒక్కడే కర్త. ఇట్లు ముప్పదికి పైగా గ్రంథములు ఆ మాలలో వెలువడెను. కాళోజీ నారాయణరావుగారి కథల పుస్తకము అందొకటి. తెలంగాణమున తెలుగు పుస్తకము లేదు, కొనువాడు లేడు అను నిరాశకు ఈ మూట సరియైన జవాబు చెప్పెను.

ఈ మధ్యనే ఆయన ఆంధ్రమహాసభ కార్యకర్తయై, పిదప కమ్యూనిస్టు ఉద్యమమున చేరిరి. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమములో మొదటిసారి చెరసాల కేగిరి. 1946లో మరల నిర్బంధింపబడి, 1951 వరకు జైలు వెంబడి జైలు చూచిరి. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము అంతరించినను ఆయన సంకెల అంతరింపలేదు. గ్రంథమాలకు ప్రాణము తానొక్కడే యైనప్పుడు, ఆ యొక్కడు జైలున నున్నచో దాని గతి యేమో ఊహింపవచ్చును. కూడబెట్టిన మూలధనమును, నడచి గడించిన చదువరుల పరిచయమును ఒక్కసారిగ మూతపడుట గ్రంథప్రకాశకునకు చావుదెబ్బ వంటిది.

కాని విధి ఒక చేత తీసికొని మరొక చేత ఇచ్చెను. నిజామాబాదు జైలులో యువకవి దాశరథి కృష్ణమాచార్యులుగారు ఆయన సహవాసియయ్యెను. కాగితము దొరకని ఆ చోట దాశరథిగారు పళ్లు తోముకొను బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిన వృత్తాంతము ప్రసిద్ధము. తమ అగ్నిధారా కావ్యమును దాశరథిగారు స్వామిగారికే అంకిత మొసగిరి. పోతన తన భాగవతమును రాజుల కీయక శ్రీరామున కర్పించెనని చదివితిమి. ఆయన వలెనే ఈ కవియు సిరిగల దొరను వెదకలేదు. తనతో సంకెల పంచుకొన్న మిత్రునకు కృతి నిచ్చెను. గద్దెలెక్కిన రాజులకును దొరకని గౌరవము, హోటలులో పనిచేసి పైకి వచ్చిన వానికి దొరకినది.

జైలు స్వామిగారికి కథావస్తువు నిచ్చెను. తోడి ఖైదీల నాయన నేరస్థులుగ గాక మనుష్యులుగ చూచిరి. వాడు ఏల దొంగ యయ్యెను, వీడు ఏల హంతకు డయ్యెను, అవకాశ మున్నచో వీరెట్లుండెడివారు అని విచారించి కథలు వ్రాసిరి. జైలులోపల అను పేరుగల ఆ సంపుటములోని పతితుని హృదయం, అవకాశమిస్తే, విధి లేక అను కథల పేర్లు వినినంతనే రచయిత మనస్సు తెలియుచున్నది.

1955లో ప్రజల మనిషి నవల వెలువడెను. గ్రంథమాల పెట్టిన పదునేడేండ్లకు, నలువదవ యేట, అందరి పుస్తకములను అచ్చువేసిన వాని నవల అచ్చయ్యెను. దిమ్మెగూడెమను పల్లె, రామభూపాలరావను దొర, అతని వెట్టిచాకిరి క్రింద నలుగు జనము, వారి పక్షమున నిలుచు కంఠీరవమను యువకుడు అందలి పాత్రలు. 1930ల నాటి తెలంగాణపు పల్లె అందు ఉన్నదున్నట్లు కానవచ్చును. తెలంగాణమునుండి వచ్చిన తొలి రాజకీయ నవలగ విమర్శకులు దానిని మన్నించుచున్నారు. నవలలో పల్లెటూరివాడు నవ్వులకో, జాలికో వచ్చి పోవుటయే ఎక్కువగా నుండిన కాలమున, వాడే కథకు నడుమ నిలిచెను. పుస్తకపు మూటతో గడపగడపకు తిరిగినవానికి ఏ గడప వెనుక ఏ దుఃఖమున్నదో తెలియును గదా!

ఈ నవలతో ఆయన తలపెట్టిన పని ముగియలేదు. తరువాతి కాలపు ఉద్యమ కథను గంగు అను రెండవ నవలలో చెప్పబూనిరి. అది పూర్తికాక మునుపే 1961 ఫిబ్రవరి 5వ తేదీన పరమపదించిరి. అప్పటి కాయనకు నలువదియారవ యేడు నడుచుచున్నది. నవలాకారుడుగ ఆయనకు చిక్కిన కాలము ఆరేండ్లు కూడ నిండలేదు. అసంపూర్ణముగ నున్న గంగు 1965లో అచ్చయ్యెను; దానిని చేతబట్టి చూచుటకు గ్రంథకర్త లేడు.

ఆదికవి నన్నయ భట్టారకుని భారతము ఆరణ్యపర్వముననే ఆగిపోయెను. తిక్కన వచ్చెను, ఎఱ్ఱన వచ్చెను, భారతము నిండెను. స్వామిగారి విషయమునను అట్టిదే జరిగినది. దాశరథిగారి తమ్ములైన రంగాచార్యులుగారు చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు మొదలగు నవలలు వ్రాసి, తెలంగాణపు జీవితగాథను నవలలలో చెప్పు ఆ పనిని ముందుకు సాగించిరి. తోవ వేసినవాడు కడదాక నడువకున్నను తోవ మిగులునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆ జీవితపు లెక్క తేల్చి చూతము. ఖర్చు పద్దున తండ్రిలేని బాల్యము, బడిలేని చదువు, ఇతరుల పుస్తకములకై మోసిన మూటలు, ఆరేండ్ల చెర, అకాలమరణము కానవచ్చును. జమ పద్దున రెండు నవలలు, ఒక కథల సంపుటము, ముప్పదికి మించిన ఇతరుల గ్రంథములు, ఒక కవి అంకితము నిలుచును. డబ్బు లెక్కలో ఇది నష్టమే. కాని ఆయన వ్రాయుటకు మునుపే చదువరులను తయారుచేసికొనెను. ఆ చదువరులు లేనిచో ప్రజల మనిషి యను నవల అచ్చయినను, అటకమీద చెదపురుగుల పాలై యుండెడిది. ఇదియే ఆయన రాబడి.

కథ వ్రాసిన యువకుడు పత్రిక నుండి వ్రాతప్రతి తిరిగి వచ్చినంతనే తన బ్రతుకు వ్యర్థమని తలచును. తొలి పుస్తకమునకు కొనువారు లేనిచో లోకమునే నిందించును. అట్టివాడు స్వామిగారి వయస్సు లెక్కించుకొనవలెను. ఇరువదియవ ప్రాయమున ప్రూఫులు, ఇరువది మూడవ యేట ప్రచురణ, ముప్పదులలో జైలు, నలువదియవ యేట నవల. ఈ నడుమ ఆయన ఒక్క యేడును ఊరక గడపలేదు. వ్రాయనప్పుడు చదివెను, చదువనప్పుడు అచ్చువేసెను, అచ్చువేయనప్పుడు మోసెను. అచ్చులో తన పేరు చూచుకొనుటకు ముందు పదిమంది పేర్లను అచ్చువేయించిన ఔదార్యమే, తుదకు ఆయన కలమునకు బలమయ్యెను.

మన గ్రంథాలయమున కిప్పుడు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ సందర్భమున కార్యవర్గమువారికి ఒక విన్నపము. ప్రజల మనిషి, గంగు, జైలులోపల అను మూడు పుస్తకములును మన బీరువాలో రెండేసి ప్రతులుగ ఉండునట్లు చూడవలెను. ఒకటి ఇంటికిచ్చుటకు, ఒకటి ఇచ్చటనే చదువుటకు. చందాదారులు తమ పిల్లలచేత వానిని బిగ్గరగా చదివించుకొని వినవలెను. మన యూరి యువకుడెవడైన కథ వ్రాసి తెచ్చినచో, ఒక సాయంకాలము ఈ మందిరమునందే నలుగురము కూర్చుండి ఓపికతో వినుట మన విధి. స్వామిగారు మూట మోసి చదువరులను వెదకిరి. మనము ఇచ్చట చదువరులుగ సిద్ధముగ నున్నచో, రానున్న రచయితకు ఆ బరువు కొంతయైన తగ్గును. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక!