ఒక్క విద్యార్థిని కోసం బడినే పణంగా పెట్టిన టీచరమ్మ



మన సంఘాల్లో ఉపాధ్యాయులకు కొదువ లేదు. సర్కారు బడుల్లో పనిచేసేవారున్నారు, మిషన్ స్కూళ్లలో చెప్పేవారున్నారు, ఆదివారం ఉదయం సండే స్కూలు పిల్లలకు వాక్యం నేర్పేవారున్నారు. వారందరినీ మనసులో పెట్టుకొని ఈ వారం ఒక టీచరమ్మ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆమె పేరు ప్రుడెన్స్ క్రాండల్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 1995లో ఆమెను తమ రాష్ట్ర వీరవనితగా ప్రకటించుకుంది. అదే రాష్ట్రం ఒకప్పుడు ఆమెను జైల్లో పెట్టింది. ఈ రెండింటి మధ్య జరిగిన కథ ప్రతి బడీ, ప్రతి సంఘమూ తెలుసుకోదగింది.

ప్రుడెన్స్ 1803లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని హాప్కింటన్‌లో ఒక క్వేకర్ కుటుంబంలో పుట్టింది. బానిసత్వం పాపమని ముందుగా గట్టిగా చెప్పిన క్రైస్తవుల్లో క్వేకర్లు ఉన్నారు. ఆడపిల్లలకూ మంచి చదువు చెప్పించేవారు. ప్రుడెన్స్ కూడా ప్రావిడెన్స్ నగరంలోని వారి బోర్డింగు స్కూల్లో చదివి ఉపాధ్యాయిని అయింది. తరువాత బాప్టిస్టు సంఘంలో చేరింది. 1831లో కనెక్టికట్‌లోని కాంటర్‌బరీ ఊరి పెద్దలు తమ ఆడపిల్లల కోసం బడి పెట్టమని ఆమెను పిలిచారు. ఊరి నడుమ పెద్ద ఇల్లు కొని ఆమె బడి తెరిచింది. చదవడం, రాయడం, లెక్కలతో పాటు చరిత్ర, భూగోళం, రసాయన శాస్త్రం కూడా చెప్పించేది. బడికి మంచి పేరొచ్చింది. ఊరు గర్వపడింది.

1832 చివరి నెలల్లో సారా హారిస్ అనే ఇరవై ఏళ్ల యువతి ఆమె దగ్గరకు వచ్చింది. సారా నల్లజాతి అమ్మాయి. తండ్రి సొంత వ్యవసాయం చేసుకునే స్వతంత్రుడు. ఆమె అడిగింది చాలా చిన్న కోరిక. ఇంకొంచెం చదువుకోవాలి, చదువుకొని తన జాతి పిల్లలకు అక్షరాలు నేర్పే టీచరు కావాలి. ప్రుడెన్స్ కొన్నాళ్లు ఆలోచించింది. ఆ రోజుల్లో ఆమె బైబిలు తెరిస్తే ప్రసంగి నాలుగవ అధ్యాయం మొదటి వచనం కంటబడింది. బాధింపబడేవారి కన్నీళ్లను, వారిని ఆదరించే దిక్కు లేకపోవడాన్ని గురించి చెప్పే వచనమది. సారాను బడిలో చేర్చుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ బడిలోని తెల్లజాతి అమ్మాయిల్లో చాలామందికి సారా కొత్త మనిషి కాదు. చిన్నప్పుడు ఊరి ప్రాథమిక బడిలో వాళ్లంతా ఆమెతో కలిసి చదివినవారే. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. సారా పై చదువు కోరినప్పుడే, తమ కూతుళ్లతో సమానంగా కూర్చున్నప్పుడే పెద్దలకు కోపం వచ్చింది. ఆ ఊరి ఎపిస్కోపల్ పాదిరిగారి భార్య స్వయంగా వచ్చి, ఆ పిల్లను పంపేయకపోతే బడి మునిగిపోతుందని హెచ్చరించింది. మునిగితే మునగనివ్వండి, ఆమెను మాత్రం పంపనని ప్రుడెన్స్ జవాబు చెప్పింది. ఒకరి వెంట ఒకరు తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకుపోయారు.

సారాను పంపేస్తే అంతటితో అన్నీ సర్దుకునేవి. ఆమె అలా చేయలేదు. బానిసత్వ నిర్మూలన కోసం పోరాడుతున్న పత్రికా సంపాదకుడు విలియం లాయిడ్ గారిసన్‌ను సంప్రదించి, 1833 ఏప్రిల్‌లో నల్లజాతి బాలికల కోసమే బడిని మళ్లీ తెరిచింది. బోస్టన్, ప్రావిడెన్స్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల నుండి దాదాపు ఇరవైమంది అమ్మాయిలు వచ్చి చేరారు.

దానికి ముందే, మార్చిలో, ఊరివాళ్లు ప్రార్థనా మందిరంలోనే సభ పెట్టి బడిని ఆపాలని తీర్మానించారు. స్త్రీ కాబట్టి ప్రుడెన్స్‌కు ఆ సభలో మాట్లాడే హక్కు లేదు. ఆమె తరఫున వచ్చిన శామ్యూల్ మే అనే పాదిరికీ మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. వ్యతిరేకులకు నాయకుడు పక్కింటి లాయరు ఆండ్రూ జడ్సన్. మనకు తెలిసిన బర్మా మిషనరీ జడ్సన్ వేరు, ఇతను వేరు. నల్లవారిని ఆఫ్రికాకు పంపేయడమే పరిష్కారమని నమ్మినవాడు ఇతను.

ఊరు బడిని వెలివేసింది. దుకాణదారులు సరుకులు అమ్మలేదు. డాక్టరు వైద్యానికి రానన్నాడు. బావిలో పేడ పోశారు. ప్రుడెన్స్ తండ్రి వేరే చోటు నుండి నీళ్లు తెచ్చివ్వాల్సి వచ్చింది. పిల్లలు వీధిలో నడుస్తుంటే బురద, కుళ్లిన గుడ్లు విసిరేవారు. ఆ ఊరి కాంగ్రిగేషనల్ దేవాలయం ఆ అమ్మాయిల్ని ఆరాధనకు రానివ్వలేదు. మే నెల 24న కనెక్టికట్ శాసనసభ ఒక చట్టం చేసింది. ఇతర రాష్ట్రాల నల్లజాతివారికి చదువు చెప్పే బడి పెట్టాలంటే ఆ ఊరి అధికారుల లిఖిత అనుమతి ఉండాలి. దానికి నల్ల చట్టం అనే పేరు నిలిచిపోయింది. ఆ వార్త విని కాంటర్‌బరీలో ఫిరంగులు పేల్చారు, దేవాలయం గంటలు మోగించారు. ఆడపిల్లల చదువు ఆగిపోతుందన్న సంతోషంతో గుడి గంట మోగిన రోజది. మన సంఘాలు మరచిపోకూడని రోజు.

జూన్ చివర ప్రుడెన్స్‌ను అరెస్టు చేశారు. జామీను కట్టమని అధికారులే ఆమె స్నేహితులను అడిగారు. కానీ చట్టం ఎంత అన్యాయమైనదో లోకానికి తెలియాలని మే, ఆయన మిత్రులు కావాలనే వెంటనే కట్టలేదు. ఆమె ఒక రాత్రి జైల్లో గడిపింది. న్యూయార్క్ వ్యాపారి, భక్తిపరుడు ఆర్థర్ టాపన్ కోర్టు ఖర్చులు భరించాడు. మొదటి విచారణలో జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. రెండవ విచారణలో న్యాయమూర్తి డేవిడ్ డాగెట్ నల్లజాతివారు ఈ దేశపు పౌరులే కారని జూరీకి చెప్పాడు. ఆమెకు శిక్ష పడింది. 1834 జూలైలో పై కోర్టు సాంకేతిక కారణం మీద ఆ తీర్పును కొట్టేసింది. డాగెట్ మాటలు మాత్రం ఊరికే పోలేదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లవారికి పౌరసత్వం లేదని తీర్పు ఇస్తూ వాటిని ఉదాహరించింది. ఒక చిన్న ఊరి బడిలో మొదలైన వివక్ష దేశాన్ని అంతర్యుద్ధం వైపు నెట్టిన తీర్పు దాకా పాకింది.

కోర్టులో ఓడినవాళ్లు చీకట్లో వచ్చారు. 1834 సెప్టెంబరు 9 రాత్రి ఒక గుంపు కర్రలతో, ఇనుప కడ్డీలతో ఇంటి మీద పడి దాదాపు తొంభై కిటికీ అద్దాలు పగలగొట్టింది. లోపల ఆడపిల్లలు నిద్రపోతున్నారు. ఇక వారి ప్రాణాలను ప్రమాదంలో పెట్టలేక ప్రుడెన్స్ బడి మూసేసింది. ఆ మాట పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పాదిరి మే మీద పడింది. చెబుతున్నప్పుడు తన రాష్ట్రాన్ని తలచుకొని ఆయన సిగ్గుపడ్డాడు.

ఆ తరువాత ప్రుడెన్స్ ఇల్లినాయిలో, చివరి రోజుల్లో కాన్సాస్‌లోని ఎల్క్ ఫాల్స్‌లో నివసించింది. నల్ల చట్టం 1838లో రద్దయింది. 1886లో కాంటర్‌బరీ వాసులే నూరుమందికి పైగా సంతకాలు చేసి అర్జీ పెడితే, కనెక్టికట్ ఆమెకు ఏడాదికి 400 డాలర్ల పెన్షన్ ఇచ్చింది. అది తనకు దానంగా కాదు, న్యాయంగా రావలసిందని ఆమె భావించింది. 1890 జనవరిలో, 86వ ఏట, ప్రభువు సన్నిధికి చేరింది.

బడి నల్లజాతి బాలికలది అయ్యాక నడిచింది పద్దెనిమిది నెలలే. లోకం లెక్కలో అది ఓటమి. కానీ అక్కడ చదివిన జూలియా విలియమ్స్ తరువాత టీచరై తన జాతివారికి సేవ చేసింది. సారా పెళ్లి చేసుకొని తన మొదటి బిడ్డకు ప్రుడెన్స్ అనే పేరు పెట్టుకుంది. విత్తనం నేలలో పడింది, వృథా కాలేదు.

ప్రియులారా, ఈ కథ మనకు దూరపు కథ కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలు చర్మపు రంగు కారణంగా బడిలో మాటలు పడితే మన గుండె మండుతుంది. మరి మన ఊరి బడిలో ఇంటిపేరు అడిగి, ఏ పేట నుండి వచ్చారో తెలుసుకొని, ఆ తరువాత పిల్లల్ని స్నేహం చేయనిచ్చే తల్లిదండ్రుల్లో విశ్వాసులు లేరా? క్రిస్మస్ నాటికలో మరియమ్మ వేషం ఎప్పుడూ తెల్లగా ఉన్న పాపకే ఎందుకు వెళుతుంది? యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపే సంఘాన్ని అపొస్తలుడు గద్దించాడు. ఆ గద్దింపు బడి బెంచీకీ వర్తిస్తుంది.

ప్రుడెన్స్ జీవితం మరో సంగతి కూడా నేర్పుతుంది. ఒక బిడ్డను బడిలో చేర్చుకుంటే పని అయిపోదు. ఆ బిడ్డ తాగే నీళ్లు, నడిచే దారి, ప్రార్థన చేసే మందిరం, అన్నీ ఆమెను చేర్చుకోవాలి. కాంటర్‌బరీలో ఒక్క టీచరు చేర్చుకుంది, ఊరు చేర్చుకోలేదు. అందుకే బడి మూతపడింది. మన టీచర్లను అలా ఒంటరిగా వదలకూడదు. సంఘ పెద్దలు, తల్లిదండ్రులు వారి పక్కన నిలబడాలి.

ఈ ఆదివారం సండే స్కూలు గదిలోకి ఒకసారి వెళ్లి చూడండి. ముందు వరుసలో ఎవరు కూర్చున్నారు, గోడ పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి పేరు టీచరుకు తెలియదు? మన ప్రభువు చిన్నపిల్లల్ని తన దగ్గరకు రానివ్వమన్నప్పుడు ఏ పిల్లలని అడగలేదు. మనమూ అడగవద్దు.