గోలు కాసిన వీరుడు డాన్ ఓకీఫ్

గోలు దగ్గర నిలబడమంటే మనలో ఎవ్వరూ ముందుకు రారు. గోలు కొట్టినవాడికి చప్పట్లు, వదిలేసినవాడికి తిట్లు. అందుకే ఈసారి నేను ఒక గోల్‌కీపర్ గురించి రాస్తున్నాను. ఆయన పేరు డాన్ ఓకీఫ్. అక్కడివాళ్లు ముద్దుగా డానో అని పిలిచేవారు.

ఆయన 1907లో ఐర్లండ్ దేశంలోని ఫెర్మోయ్‌లో పుట్టి, కెర్రీ కౌంటీలోని ట్రాలీ పట్టణంలో పెరిగారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆయన ఆడింది గేలిక్ ఫుట్‌బాల్. మనం ఆడే ఆట కాదు అది. జట్టుకు 15 మంది ఉంటారు. బంతిని చేత్తో కూడా పట్టుకోవచ్చు. ఆయన ఆడిన రోజుల్లో అడ్డకర్ర మీదుగా పోతే 1 పాయింటు, కింద నుంచి వలలో పడితే 3 పాయింట్లు ఇచ్చేవారు. ఎంత బాగా ఆడినా జీతం మాత్రం ఉండదు.

1922-23లో ఐర్లండ్ వాళ్లు రెండు పక్షాలుగా చీలి తమలో తామే యుద్ధం చేసుకున్నారు. కెర్రీలో చాలా రక్తం పారింది. తర్వాత ఆ రెండు పక్షాలవాళ్లూ ఒకే జట్టులో ఆడారు! 1931లో కెప్టెన్ కావాల్సిన జో బారెట్ ఆ పదవిని ఎదుటి పక్షం సైన్యంలో పనిచేసిన కాన్ బ్రాస్నన్‌కు ఇచ్చేశారు. సరిగ్గా ఆ ఏడే డానో కెర్రీ గోలు కాసి, మొదటి అఖిల ఐర్లండ్ పతకం గెలుచుకున్నారు.

తర్వాత 1932, 1937, 1939, 1940, 1941, 1946లలో కూడా గెలిచారు. మొత్తం 7 పతకాలు. 1946 ఫైనల్లో ఓడిపోతారనుకున్న కెర్రీ చివర్లో రెండు గోల్స్ కొట్టి సమానం చేసింది. ఆ గోల్స్ వేరేవాళ్లు కొట్టారు, నిజమే. కానీ మళ్లీ ఆడిన మ్యాచ్‌లో రోస్‌కామన్ జట్టుకు డానో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

ఓటములు కూడా ఉన్నాయి. 1938, 1944 ఫైనల్స్ పోయాయి. 1947 ఫైనల్ సముద్రం దాటి న్యూయార్క్‌లో జరిగితే, కావన్ జట్టు చేతిలో 17-13తో ఓడారు. అయినా 1948 దాకా ఆడుతూనే ఉన్నారు.

1967లో కన్నుమూశారు. 1984లో శతాబ్దపు జట్టును, 1999లో సహస్రాబ్ది జట్టును ఎంచినప్పుడు రెండింటిలోనూ గోలు దగ్గర చోటు డానోకే దక్కింది.

మిత్రులారా, జట్లు పంచుకునేటప్పుడు వీడిది ఏ ఊరు, ఏ తెగ అని చూడకండి. జో బారెట్‌ను తలచుకోండి. అలాంటి జట్టు దొరికింది కనుకే డానోకి అన్ని పతకాలు వచ్చాయని నా నమ్మకం.